మురుగు శాఖలో కషాయం

"నగరంలోని కాలవలకంటే ముందు సిబ్బంది రక్తనాళాలు శుభ్రపడాలి!" అని మా మురుగునీటి శాఖ అధికారిగారు సర్క్యులర్ జారీ చేశారు. కాలవలు ఎలాగూ శుభ్రపడవు కనుక గడువుకి లోటు లేదు!

మందు తాతలనాటి కషాయం. వెల్లుల్లి, అల్లం, దాల్చినచెక్క, పేరడిగితే ఆయనకి కోపమొచ్చే వేళ్లు రెండు. తాగక ముందు, తాగాక రక్తపోటు కొలిచి రిజిస్టరులో ఎక్కించే భారం హెడ్ గుమాస్తానైన నాది.

"అంకె తగ్గితేనే నీ ప్రమోషన్ ఫైలు కదిలేది," అన్నారు. పదకొండేళ్లుగా పడుకున్న ఫైలది!

మొదటిరోజు అంకె కదల్లేదు. ఫైలూ కదల్లేదు.

రెండోరోజు నేను టైపిస్టు చేతికి పట్టీ చుట్టగానే ఆయనే వచ్చి రక్తపోటు మిషను పక్కన నిలబడ్డారు.

"ఏమ్మా, నీ పేరైనా తప్పుల్లేకుండా కొట్టగలవా?" అన్నారు టైపిస్టుతో.

నూట అరవై!

"రాసుకో, కషాయానికి ముందు!"

అందరిచేతా గ్లాసులు ఖాళీ చేయించి, "ఇక ఇళ్లకి పొండి," అని వెళ్లిపోయారు. మళ్లీ కొలిచాను. నూట ఇరవై!

"అన్నయ్యగారూ, ఇది కషాయం మహిమా, ఆయన వెళ్లిపోయిన మహిమా?" అంది టైపిస్టు.

"మనకున్నది రక్తపోటు కాదమ్మా, సూటిపోటు! నా ఫైలు కదిలేదాకా కషాయానికి తప్ప నోరు తెరవకు."

నెల తిరిగేసరికి మా అంకెలు చూసి డైరెక్టరుగారే దిగారు. "ఇంత గొప్ప మందు మీరే తాగి చూపించండి," అని మా అధికారి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. నేను అధికారి చేతికి పట్టీ చుట్టాను.

"మొన్నటి వానకి మా వంటింట్లోకొచ్చిన నీళ్లు మీ శాఖవేనా?" అన్నారు డైరెక్టరు.

నూట డెబ్భై! గ్లాసు ఖాళీ అయింది. డైరెక్టరు కదల్లేదు. నూట ఎనభై! ఇంకో గ్లాసు. నూట తొంభై!

మా అధికారి పట్టీతో సహా చేతులు జోడించారు. "సార్... తమరు కాస్త బయటికి వెళ్తేగానీ ఈ కషాయం పనిచెయ్యదండీ!"

డైరెక్టరు రిజిస్టరంతా తిరగేసి కింద రాశారు: 'మందు బాగానే ఉంది. అధికారిని మార్చవలెను.'

మార్చారు. నా ఫైలు లేచి పరిగెత్తింది. ఇప్పుడా కుర్చీలో నేనే! ఇలాంటి బూటకాలు నా హయాంలో చెల్లవని ప్రకటించి, కషాయం కాలవలో పోయించాను. కాలవకీ గుణమివ్వలేదు.

నిన్న డైరెక్టరుగారు ఫోన్ చేశారు. "మందు బాగుందని రాశానుగా, ఈ నెల అంకెలేవయ్యా?"

పొయ్యి మళ్లీ వెలిగింది. టైపిస్టు చేతికి పట్టీ చుట్టించి, గొంతు సవరించుకున్నాను.

"ఏమ్మా, నీ పేరైనా తప్పుల్లేకుండా కొట్టగలవా?"

"అన్నయ్యగారూ, మీరు కూడానా!"

"అన్నయ్యేమిటి? సార్ అనాలి!"

నూట డెబ్భై అయిదు! పాతాయన మాటలకి ఆమెకి ఏనాడూ అంత రాలేదు.