ముప్పై గ్రాములకు పైబడిన పేరు

అయ్యా, అమ్మా! వస్తువులో వస్తువు ఎంత తక్కువుంటే అది అంత గొప్ప వస్తువు! ఈ మాట కాదన్నవాళ్లతో నేను వాదించను. జాలిపడతాను.

నేనెవరినంటారా? చైనాలోని డాంగ్‌గ్వాన్‌లో కంప్యూటర్ ఆటగాళ్ల కోసం మౌస్‌లు చేసే ఫ్యాక్టరీలో డిజైనర్ని. పదకొండేళ్ల కిందట ఇదే కుర్చీలో కూర్చుని, మౌస్ పొట్టలో వేసుకోవడానికి ఎనిమిది ఇనుప బిళ్లలు డిజైన్ చేశాను. "బరువుంటేనే చేతికి పట్టు" అని పెట్టె మీద రాశాం. జనం ఎగబడి కొన్నారు. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుని "బరువే చేతికి శత్రువు" అని రాస్తున్నాను. జనం మళ్లీ ఎగబడుతున్నారు. మాట మార్చానంటారా? కుర్చీ మార్చలేదుగా!

మొదట పైడొప్పకు జల్లెడలా చిల్లులు పెట్టాం. ఎంత హాయి! అరచేతికి గాలి తగులుతుంది, లోపలి భాగాలకు చెమట తగులుతుంది. ఒకాయన తన మౌస్‌లోంచి పిడికెడు పొద్దుతిరుగుడు గింజల తొక్కలు దులిపి ఫొటో పెట్టాడు. పాతకాలపు మౌస్‌లో అంత చోటుందా?

తర్వాత చిల్లులు పాతబడ్డాయి. వాటిని పూడ్చి డొప్పనే పల్చన చేశాం. రంగు మానేశాం. నాలుగు స్క్రూల్లో రెండు పీకేశాం. బ్యాటరీని శనగగింజంత చేశాం. ఆట మధ్యలో అది చచ్చిపోతే ఆటగాడు లేచి వెళ్లి మంచినీళ్లు తాగుతాడు, ఒంటికి మంచిది! గట్టిగా పట్టుకుంటే కిర్రుమంటుంది. ఈ రోజుల్లో కోపిష్టివాళ్లకు మర్యాద నేర్పే వస్తువు ఇంకొకటి చూపించండి! మమ్మల్ని చూసి మా క్యాంటీన్ గంజి కూడా పల్చబడింది.

మా యజమాని మో గారి పట్టుదల ఒక్కటే: ముప్పై గ్రాముల లోపు. ఆ మధ్య మీటింగులో అందరం త్రాసు చుట్టూ చేరాం. త్రాసు ఏమంది? ముప్పై పాయింట్ సున్నా సున్నా! ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే మో గారు గుడ్లురిమి చూశారు.

"ఇంకేం పీకుతాం బాస్? లోపల మిగిలింది గాలే," అన్నాడు అచ్చుల మేస్త్రీ గెంగ్.

"దాని బరువెంత?" అన్నారు మో గారు. నవ్వలేదు.

గెంగ్ మేస్త్రీ ఇరవై మూడేళ్లుగా మా ప్లాస్టిక్ డొప్పలకు స్టీలు అచ్చులు చెక్కుతున్నాడు. ప్రతి అచ్చులోనూ, మౌస్ విప్పితే తప్ప కనిపించని చోట, గోరంత తన ఇంటిపేరు చెక్కుతాడు. అది ప్రతి డొప్ప లోపలా ఉబ్బెత్తుగా పడుతుంది. హెంగ్‌యాంగ్‌లో ఆయన కూతురు లాన్‌జీకి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. తండ్రి కొత్త మౌస్ పంపగానే ఆ పిల్ల ముందు స్క్రూడ్రైవర్ తీస్తుంది. లోపలి పేరు వెతికి ఫొటో పంపుతుంది. ఆ తండ్రీకూతుళ్లకు ఉత్తరాలు అవే. ఆ ఫొటోలు మాకు ఒక్కొక్కటీ చూపిస్తూ నూడుల్స్ చల్లారబెట్టుకోవడం ఆయనకు అలవాటు.

భూతద్దం పెట్టి ఆ పేరును పట్టుకున్న మహానుభావుణ్ణి నేనే! "బాస్, ఇదీ ప్లాస్టిక్కే కదా," అన్నాను.

"తీసెయ్ మేస్త్రీ," అన్నారు మో గారు.

"అది నా పేరు బాస్."

"జనం నీ పేరుతో ఆడతారా, మౌస్‌తో ఆడతారా?"

స్టీలులో చెక్కింది చెరపడమంటే పలక తుడవడం కాదు. ఆ గాడిలో లోహం కరిగించి నింపాలి, మళ్లీ నున్నగా సానపట్టాలి. చెక్కడానికి ఒక పూట పట్టిన పేరును చెరపడానికి మేస్త్రీకి రెండు రోజులు పట్టింది. ఆయన నాతో మాటలు మానేశాడు. నాకూ ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది.

అయితేనేం! త్రాసు ఇరవై తొమ్మిది పాయింట్ తొంభై తొమ్మిది చూపించింది. చప్పట్లే చప్పట్లు! పెట్టె మీద "29 గ్రాములు" అని అచ్చేశాం. మిగతా తొంభై తొమ్మిది సంగతా? దానికి పెట్టె మీద చోటు చాల్లేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. "ఖాళీ పెట్టెలు పంపారేంటి?" అని దుకాణాలవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. పెట్టె చేతికి బరువు తగలకపోతే కొనేవాడు పెదవి విరుస్తాడట. మో గారు క్షణం ఆలోచించలేదు. పెట్టె అడుగున దళసరి స్టీలు రేకు పెట్టించారు. దాని మీద "రూపశిల్పి, నిర్మాత: మో" అని పెద్దక్షరాలు వేయించారు. ఆ అక్షరాల అచ్చు చెక్కింది ఎవరంటారా? గెంగ్ మేస్త్రీయే. మా ఫ్యాక్టరీలో స్టీలు ఇంకెవరి మాటా వినదు.

నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర లాన్‌జీ ఫోన్ చేసింది. మేస్త్రీ చేతిలో గిన్నె ఉంది, అందుకని స్పీకర్‌లో పెట్టాడు.

"నాన్నా, మొత్తం విప్పి చూశాను. మన పేరు లేదేంటి? ఇది నువ్వు చేసింది కాదా?"

మేస్త్రీ నా వైపు చూశాడు. ఆ మీటింగు తర్వాత ఆయన నన్ను చూడడం అదే మొదలు.

"పెట్టె అడుగున రేకుంది, చూడమ్మా," అన్నాడు. "ఎవరు చేశారో దాని మీద రాసుంది."

ఆ రేకు అరవై నాలుగు గ్రాములు. నేనే తూచాను.