లేత మట్ట

శనివారం పొద్దున్న ప్రేమ్ కుమార్ అనుకున్న పని చిన్నదే. మర్నాడు మట్టలాదివారం. చర్చి నుంచి బయల్దేరే ఊరేగింపుకి కొబ్బరి మట్టలు కోసుకురావాలి. కిందటేడు ముదురు మట్టలు తెచ్చి పిల్లల మొహాలు గీరేశారని సంఘ పెద్ద సూరమ్మ ఈసారి ముందే హెచ్చరించింది. "లేతవి తేవాలి బాబూ."

ప్రేమ్ కుమార్ వాళ్లింట్లో మొదటి డిగ్రీవాడు. ఊళ్లో ప్రైవేటు హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఇంకా తాత్కాలికమే. సోమవారం కరస్పాండెంటు తాతాజీ గారు సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. మట్టలు కోయాల్సింది కూడా తాతాజీ గారి చెట్టుకే. డాబా మీదికి వాలి ఉంటుంది కాబట్టి దోటికి అందేది అదొక్కటే. పైగా మొన్నటి తుఫానుకి ఊళ్లో చెట్లు చాలావరకు కూలిపోయాక, మిగిలినవాటిని జనం కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటున్నారు.

తాతాజీ గారు పనిమీద తణుకు వెళ్లారు. వాళ్లమ్మ శ్యామలాంబ గారు "మట్టలేగా, కోసుకో నాయనా" అన్నారు.

మొదటి మోపు చూసి సూరమ్మ పెదవి విరిచింది.

"ఇవి లేతా? వీటితో చీపుళ్లు కట్టుకోవచ్చు."

రెండోసారి పై వరస కోసుకొచ్చాడు.

"ఇంత పచ్చగా ఉంటే లేతెలా అవుద్ది? నువ్వు చదివిన పుస్తకాల్లో లేత అంటే ఏంటి?"

"ముదరనిదండి."

"మరింకేం! అదే పట్రా."

ప్రేమ్ కుమార్‌కి రోషం వచ్చింది. మూడోసారి డాబా ఎక్కి, చెట్టు నడినెత్తిన ఇంకా విప్పుకోని మీగడ రంగు ఆకుకి దోటి తగిలించి బలంకొద్దీ లాగాడు. అడుగున ఉన్న తెల్లటి మెత్తటి ముద్దతో సహా ఊడివచ్చింది.

సూరమ్మ దాన్ని నిమిరి మురిసిపోయింది. తిరగేసి చూసి ఆగిపోయింది.

"ఓరి నాయనో! ఇది మొవ్వురా. ఇంక చెట్టు బతకదు."

"మళ్లీ వేస్తుంది కదండీ?"

"కొబ్బరిచెట్టుకి ఒకటే తల బాబూ. నీకు మల్లేనే."

దాచేద్దామని ఇద్దరూ చర్చి వెనక్కి నడిచేలోపే పాస్టరు గారు ఎదురయ్యారు. అంత అందమైన మట్ట చూసి ఆయన దాన్ని తీసుకుపోయి ప్రసంగపీఠం దగ్గర నిలబెట్టించారు. ఆదివారం పొద్దున్నే మైకులో ప్రకటించారు కూడా.

"ఇంత లేత మట్ట మన సంఘం ఎన్నడూ చూడలేదు! తాతాజీ గారి చెట్టుది. కోసిన ప్రేమ్ కుమారే దీన్ని పట్టుకుని ముందు నడుస్తాడు!"

మైకు గంటస్తంభం మీద ఉంది. ఊరంతా విన్నది.

ఊరేగింపు తాతాజీ గారి వీధిలోకి తిరిగేసరికి ప్రేమ్ కుమార్ నోట "హోసన్నా" రావడం మానేసింది. గేటు దగ్గర తాతాజీ గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. పక్కన శ్యామలాంబ గారు కళ్లొత్తుకుంటున్నారు. తాతాజీ గారు చెట్టు తల వైపు చూశారు, మట్ట వైపు చూశారు. పాట ఆగిపోయింది.

"నువ్వేనా కోసింది?"

"నేనేనండి. తెలియక కోశానండి. తప్పు నాదండి, సంఘానిది కాదు."

"కన్నకొడుకులాంటి చెట్టురా!" అంటూ శ్యామలాంబ గారు లోపలికి వెళ్లిపోయారు.

తాతాజీ గారు తలుపు పడేదాకా అటే చూశారు. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"కాయ పడినప్పుడల్లా డాబా పెచ్చులూడుతోందండి. కొట్టిద్దామంటే అమ్మ అన్నం మానేస్తానంటుంది. తుఫానుకి ఊళ్లో అన్నీ పడ్డాయి, ఇది మాత్రం కదల్లేదు. రేపు పొద్దున్నే వచ్చి సంతకం చేయించుకోండి మాస్టారూ."

ప్రేమ్ కుమార్ ఊపిరి పీల్చుకున్నాడు. ఊరేగింపు కదిలింది. తాతాజీ గారు నాలుగడుగులు పక్కనే నడిచి, ఇంటివైపు ఓసారి చూసి, మెల్లగా అడిగారు.

"గోడవార ఇంకో చెట్టుంది. క్రిస్మస్‌కి మట్టలేమీ వాడరాండీ?"