హెల్మెట్‌కు దెబ్బ తగలరాదు

క్రీడల మంత్రిగారూ, క్రీడాధికారిగారూ, మా మేనకోడలు బ్లాక్‌బెల్ట్ పరీక్ష తప్పడానికి కారణం మీరిద్దరే. మా పిల్లల భద్రత గురించి మీరు మరీ ఎక్కువ ఆలోచించారు.

మంత్రిగారు మా కరాటే బడికొచ్చి, "ఈరోజు నుంచి మీ పిల్లల తలకాయలు ప్రభుత్వ బాధ్యత" అని ప్రకటించి పన్నెండు హెల్మెట్లు ఇచ్చారు. మా మాస్టారిది పాత పద్ధతి. గుద్దు ముక్కుదాకా వెళ్ళి అంగుళం దూరంలో ఆగాలి. ఆపడం రానివాడికి కొట్టడమూ రాదంటారు. కానీ బ్లాక్‌బెల్ట్ పరీక్షలో ఫుల్ కాంటాక్ట్ తప్పదు, దెబ్బ నిజంగా తగలాలి. పోయినేడు ఒక పిల్ల ఆ దెబ్బకి వారంపాటు మంచం దిగలేదు. హెల్మెట్ లేకుండా కూతుర్ని పంపేది లేదని మా అక్క భీష్మించుకుంది. పన్నెండూ కళ్ళారా చూశాకే మెత్తబడింది.

మొదటి వారమే అధికారి తనిఖీకొచ్చి ఒక్కో హెల్మెట్‌నూ భూతద్దంతో చూశారు. ఒకదాని పైతోలు మీద చిరుగు కనబడింది.

"ఇదెలా చిరిగింది మాస్టారూ?"

"కాలు తగిలిందండీ."

"తలకేమైనా అయిందా?"

"ఏం కాలేదండీ. హెల్మెట్ ఉందిగా."

"నేనూ అదే అడుగుతున్నా. ప్రభుత్వ ఆస్తిని అడ్డం పెట్టుకుని తల కాపాడుకుందెవరు?"

తల మా మేనకోడలిది. మాస్టారు సంజాయిషీ రాసిచ్చారు. మర్నాడు హెల్మెట్లు అద్దాల బీరువాలోకి, తాళంచెవి అధికారి ఆఫీసుకి వెళ్ళాయి. పిల్లలు సాధన మధ్యలో వాటిని చూసి ధైర్యం తెచ్చుకోవచ్చని అధికారి పెద్దమనసుతో అనుమతించారు. ఆరునెలల్లో ఒక్క హెల్మెట్‌కూ గీత పడలేదు. ఈ విజయం గురించి మంత్రిగారు సభలో మాట్లాడితే సభ్యులు బల్లలు చరిచారు.

పరీక్షరోజు బీరువా తెరిచారు. అక్క ఊపిరి పీల్చుకుంది. హెల్మెట్లు వరసగా వేదిక ఎక్కాయి. అక్కడ పన్నెండుమంది పెద్దలు కూర్చున్నారు. పిల్లల కాళ్ళు ఎంతదూరం లేస్తాయో ఎవరు చెప్పగలరని అధికారి ముందుచూపు. మంత్రిగారికి హెల్మెట్ బిగుతయింది. అయినా ప్రజల కోసం ఓర్చుకున్నారు.

అక్క అడ్డుపడేలోపే మా పిల్లా, ఎదుటి పిల్లా ఉత్త తలలతో బరిలోకి దిగారు. మా పిల్ల కాలు గాల్లో లేచి ఆ పిల్ల చెవి దగ్గర అంగుళం దూరంలో ఆగింది. ఆ పిల్ల పిడికిలి మా పిల్ల ముక్కు ముందు ఆగింది. మూడు నిమిషాలూ ఇదే. మాస్టారు లేచి నిలబడి ఇద్దరికీ తలవంచి నమస్కరించారు. అధికారి ఇద్దరినీ ఫెయిల్ చేశారు. దెబ్బ తగల్లేదట.

మాస్టారు వేదిక దగ్గరికెళ్ళి ఇదేం న్యాయమని అడిగారు. హెల్మెట్లో చెవులు మూసుకుపోయిన మంత్రిగారు నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపారు.

ఎందుకాపావే అని దారిలో మేనకోడల్ని అడిగాను.

"దానిక్కూడా హెల్మెట్ లేదుగా మామయ్యా" అంది.

బుధవారం మళ్ళీ పరీక్ష. ఈసారి దెబ్బ తగిలి తీరాలని ఉత్తర్వొచ్చింది. అక్క పంపనంటోంది. అయ్యలారా, ఆ రోజు పన్నెండు హెల్మెట్లూ వేదిక దిగి బరిలోకి రావాలి. లోపల తలలుండగానే వచ్చినా మాకు అభ్యంతరం లేదు.