రిజిస్టరైన నవ్వు

ప్రజల నవ్వులు దొంగలపాలు కాకుండా కాపాడేందుకు ప్రభుత్వంవారు ఎంతో దయతో హాస్య స్వామ్య పరిరక్షణ చట్టం తెచ్చిన సంగతి పాఠకులకు తెలిసిందే. తెలియకపోయినా పరవాలేదు, చట్టానికి మీరు తెలుసు. దీని ప్రకారం ఎవరైనా నవ్వదలచుకుంటే ముందుగా ఆ నవ్వు ఎవరిదో విచారించుకుని మరీ నవ్వాలి. మనది కాని నవ్వు మన నోట్లోంచి వస్తే అది దొంగసొత్తు కింద లెక్క. కనిపెట్టడానికి పోలీసులు అక్కర్లేదు. ఫోన్లున్నాయి, టీవీలున్నాయి, ఈమధ్య వచ్చిన తెలివైన ఫ్రిజ్జులున్నాయి. అవన్నీ పగలనక రాత్రనక చెవులు రిక్కించుకుని మన సేవలోనే ఉంటాయి. ఇంత శ్రద్ధగా మన మాట వినేవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకెవరున్నారు చెప్పండి?

ఈ చట్టం చల్లదనం మొదటగా అనుభవించిన అదృష్టవంతురాలు ఒక పళ్ళ ఆసుపత్రిలో కౌంటరు దగ్గర కూర్చునే ఆవిడ. వచ్చేపోయేవాళ్ళందరూ ఆవిణ్ణి నవ్వులమ్మ అనే పిలుస్తారు. పేరుకి ఆవిడ పని చీటీలు రాయడం, వరస ప్రకారం లోపలికి పంపడం. అసలు పని మాత్రం నవ్వడమే. లోపలి గదిలో డాక్టరుగారి మర జుయ్యిమనగానే బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి పైప్రాణాలు పైనే పోయేవి. కొందరికి ఉన్నట్టుండి ఇంట్లో అర్జంటు పని గుర్తొచ్చి చెప్పుల కోసం వెతుక్కునేవారు. సరిగ్గా అప్పుడు ఆవిడ ఏదో ఒకటి అని, అన్నదానికి తనే నవ్వేది. గలగలా మొదలై, మధ్యలో ఊపిరి అందక చిన్నగా కీచుమని, మళ్ళీ అందుకుని సాగే నవ్వు అది. అది విని చెప్పులేసుకున్నవాళ్ళు కూడా విడిచేసి కూర్చునేవారు. "చిగుళ్ళకి మత్తు నేనిస్తాను, మనసుకి ఆ అమ్మాయి ఇస్తుంది" అని డాక్టరుగారు నలుగురిలోనూ చెప్పుకునేవారు.

ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారొకాయన వచ్చి, దవడ పట్టుకుని నిలబడ్డారు.

"నొప్పి ఏ పక్కండీ మాస్టారూ?" అని అడిగింది నవ్వులమ్మ.

"ఏ పక్క అంటే తొందరగా ఇంటికి పంపిస్తారో ఆ పక్కే అని రాసుకోమ్మా."

ఆవిడ పకపకా నవ్వేసింది. వెంటనే కౌంటరు మీది ఫోను తేనెలొలికే గొంతుతో, "క్షమించండి. ఇప్పుడు మీరు నవ్విన నవ్వు మీది కాదు. దయచేసి యజమానుల అనుమతి పొందండి" అంది. ఇదెక్కడి వింతరా అని ఆవిడ మరింత నవ్వింది. ఈసారి గోడమీది టీవీ క్షమించమంది. బెంచీ మీదివాళ్ళ జేబుల్లోంచీ సంచుల్లోంచీ ఫోన్లన్నీ ఒక్క గొంతుతో క్షమాపణలు చెప్పుకున్నాయి. ఆ సభ్యత చూసి మాస్టారు బిత్తరపోయి, తెరిచిన నోరు టక్కున మూసేశారు. మళ్ళీ తెరిపించడానికి డాక్టరుగారికి తాతలు దిగొచ్చారు.

అసలు జరిగిందేమిటంటే, నవ్వులమ్మ భర్త లిఫ్టు మెకానిక్కు. ఎంతెత్తు మేడలోనైనా తాడు పట్టుకుని వేలాడుతూ పని చేసుకొచ్చే మనిషి, ఒక సెలవురోజు ఇంట్లో కర్టెన్ తగిలిద్దామని స్టూలెక్కి, కర్టెనూ కడ్డీతో సహా కిందికి దిగాడు. కర్టెన్ నిండా కప్పుకుని, లోపల్నించి "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటున్న మొగుణ్ణి చూసి ఆవిడ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. అత్తగారు అదంతా ఫోనులో పట్టి, అప్పుడే వేయించుకున్న కొత్త యాప్‌లోంచి చుట్టాలందరికీ పంపింది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అత్తగారి చెయ్యి మంచిదని నమ్మకం. కొత్త తాళం కొంటే తొలిసారి ఆవిడే తిప్పాలి, కొత్త పొయ్యి తెస్తే ఆవిడే వెలిగించాలి. అలాగే ఎవరి ఫోనులో ఏ కొత్త యాప్ వేసినా 'అంగీకరిస్తున్నాను' అనే మీట ఆవిడ చేతే నొక్కించేవారు. ఆ మీటకి పైన చాట భారతమంత రాసి ఉంటుంది. దాన్ని చదివినవాళ్ళు భూమ్మీద ఇంతవరకూ లేరు. రాసినాయన కూడా చదవలేదని ఒక అనుమానం. ఈ యాప్ ద్వారా పంపే నవ్వు, ఏడుపు, దగ్గు, ఆవులింత వగైరాలన్నీ శాశ్వతంగా సకలానంద ధ్వని సంస్థవారి సొత్తు అని అందులో స్పష్టంగానే ఉంది. సంస్థవారు ఏదీ దాచలేదు, పాపం.

సంస్థవారికి ఆ నవ్వు మీద మనసు పడింది. రిజిస్టరు చేయించుకున్నారు. తర్వాత అది సీరియళ్ళలో నవ్వింది, అలారం గడియారాల్లో నవ్వింది, కొత్త లిఫ్టుల్లో అంతస్తు వచ్చినప్పుడల్లా నవ్వింది. ఆ లిఫ్టులు బాగుచేసేది ఆవిడ భర్తే కనక, పాపం ఆ మనిషి పొద్దస్తమానం పెళ్ళాం తనని చూసి నవ్వుతున్నట్టే ఉలిక్కిపడుతూ స్క్రూలు బిగించాడు.

సంస్థవారు కేసు వేసినట్టు తాఖీదు రాగానే ఇంట్లో జాగ్రత్తలు మొదలయ్యాయి. ఫోన్లని బీరువాలో దుప్పట్ల మధ్య కుక్కారు. ఫ్రిజ్జుని కుక్కడానికి బీరువా చాల్లేదు. డాబా మీదికెళ్ళి నవ్వుకుందామంటే పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకుకి తగిలించిన పరికరం విని చాడీ చెప్పింది. భర్త జోకులు మానేశాడు. ఆయన జోకులు అంతంతమాత్రమే. అయినా ఆవిడ ప్రతిదానికీ నవ్వేది, ఆయన ఆవిణ్ణి ఏరికోరి చేసుకున్నదీ ఆ నవ్వు కోసమే. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కరెంటు కోత గురించీ కుళాయి లీకు గురించీ మాట్లాడుకుంటున్నారు. పొరపాటున ఒకరినొకరు చూసుకుంటే నవ్వొస్తుందేమోనని చెరోగోడా చూస్తున్నారు.

"నా చెయ్యి పడిపోనూ! ఈ పాడువేలు ఊరుకోలేదు కదే తల్లీ!" అని అత్తగారు కుమిలిపోయింది.

"మీరేం చేస్తారత్తయ్యా, ఊరుకోండి" అని కోడలు ఓదార్చింది. నవ్వుతూ అనాల్సిన మాట మొహం గంటుపెట్టుకుని అనేసరికి, కోడలికి నిజంగానే తనమీద కోపమొచ్చిందనుకుని ఆ పెద్దావిడ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

సంస్థవారు కసాయివాళ్ళేం కారు. నెలనెలా చందా కట్టి హాయిగా నవ్వుకోవచ్చన్నారు. ఆ చందా పక్కన నిలబెడితే ఆవిడ జీతం చిన్నబోయింది. అయితే ఉచిత పథకం కూడా ఉందన్నారు. ఎంతైనా నవ్వుకోవచ్చు, నవ్విన ప్రతిసారీ చివర్లో "జిగురు చాక్లెట్లే తినండి, జీవితాంతం అంటిపెట్టుకోండి" అని గట్టిగా అనాలి, అంతే. పళ్ళ ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని ఆ మాట చెప్పడమేమిటని డాక్టరుగారు మొదట మండిపడ్డారు. కాసేపు ఆలోచించాక, ఎందుకో శాంతించారు. కానీ పుచ్చుపన్నుతో విలవిల్లాడుతున్నవాళ్ళకి ఆ మాట వింటే ఒళ్ళు మండింది. ఒకావిడ చేతిసంచీ పుచ్చుకుని కొట్టబోయింది కూడా.

ఇక మిగిలింది ప్రభుత్వంవారి నవ్వుల శిక్షణ కేంద్రం. నవ్వినవాళ్ళు పోయి చాలా ఏళ్ళయిపోయి, హక్కులు తీరిపోయిన నవ్వులు అక్కడ ఉచితంగా నేర్పుతారు. మంచివి అప్పటికే అయిపోయాయట. నవ్వులమ్మ వంతుకి పూర్వం ఎవరో జైలు అధికారి ఖైదీల్ని చూసి నవ్విన నవ్వు వచ్చింది. హు, హు, హుహూ అని ముక్కుతో మొదలై గొంతులో ఆగిపోతుంది. ఆవిడ శ్రద్ధగా సాధన చేసి యోగ్యతాపత్రం పుచ్చుకుని, మర్నాడు కౌంటర్లో కూర్చుని ఆ నవ్వు నవ్వింది. లోపల మర ఇంకా మొదలు కాకుండానే బెంచీ ఖాళీ అయింది.

డాక్టరుగారు బయటికొచ్చి ఖాళీ బెంచీ వంక చూశారు.

"అమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ హుహూ వింటే నాకే దవడ పట్టేస్తోంది. ఆ కేసేదో తేల్చుకుని రా. నీ పాత నవ్వు నీకు దక్కితే సరేసరి, లేదంటే నేను వేరే మనిషిని చూసుకోక తప్పదు" అన్నారు.

ఆవిడ ఎక్స్‌రే గదిలోకెళ్ళి తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఫోను కిక్కురుమనలేదు. సంస్థవారు ఏడుపుల్ని ఇంకా రిజిస్టరు చేయించలేదట, కొనేవాళ్ళు లేక. పౌరుల స్వేచ్ఛకి ఏ లోటూ రాలేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

విచారణ రోజు న్యాయస్థానం కిటకిటలాడింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ నేరం చేస్తోంది కనక, ఇక బతికున్నంతకాలం బయట తిరిగేటప్పుడు మూతికి పట్టీ కట్టుకునేలా ఉత్తర్వివ్వాలని సంస్థ కోరింది. సంస్థ వకీలు లేచి, గౌను సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులారా! అసలు నవ్వు మా సంస్థ భద్రంగా దాచి ఉంచింది. ఈవిడ నవ్వుతున్నవన్నీ ఆ తర్వాత నవ్వినవి. తర్వాత వచ్చినదాన్ని అసలంటారా, నకలంటారా? నకలే! అంటే ఈవిడ తనను తానే అనుకరిస్తోంది. ఇతరులను అనుకరించడం కళ, మేం కళను గౌరవిస్తాం. తనను తాను అనుకరించడం మాత్రం పట్టపగలు దోపిడీ! ఇవాళ ఈవిడ నవ్వును వదిలేస్తే, రేపు ప్రతివాడూ తన దగ్గు తనదేనంటాడు. అప్పుడు నాగరికత ఏమైపోవాలి?"

నాగరికత ఏమైపోతుందోనని అందరూ గుటకలు మింగారు.

"అయ్యా, నోరు నాదండీ. చిన్నప్పట్నుంచీ ఇలాగే నవ్వుతున్నాను" అంది నవ్వులమ్మ.

"నోరు మీదే. దాన్ని ఎవరూ కాదనడం లేదు. కేసు నోట్లోంచి వచ్చేదాని గురించి" అన్నారు న్యాయాధికారి మృదువుగా. తర్వాత పోల్చి చూసే యంత్రం తెప్పించి, ఆవిణ్ణి ఒకసారి నవ్వమన్నారు.

నవ్వమంటే ఎక్కణ్ణించి వస్తుంది? ఆవిడ మూతి అటూ ఇటూ తిప్పింది, పళ్ళు బయటపెట్టింది, లాభం లేకపోయింది. న్యాయస్థానం గుమాస్తా ఒక హాస్యోక్తిని వాయిదా తేదీలు చదివే గొంతుతో చదివాడు. గదిలో సగంమంది ఆవులించారు. కితకితలు పెట్టిద్దామని వకీలు సూచించాడు గాని, ఏ సెక్షన్ కింద పెట్టాలో తేలలేదు. చివరికి, అసలు నవ్వు వినిపిస్తే ఆవిడకి దారి తెలుస్తుందని, రిజిస్టరైన రికార్డును మొదటినుంచీ వేశారు.

ముందు దబ్బుమని చప్పుడు. "అమ్మో, నా నడుం!" అని లిఫ్టు మెకానిక్కు కేక. ఆ వెంటనే అత్తగారి గొంతు, కంగారుగా: "కర్టెన్ చిరిగిందేంట్రా?"

నిండు న్యాయస్థానం గిర్రున తిరిగి వెనక బెంచీ వైపు చూసింది. మెకానిక్కు తల మోకాళ్ళలో దాచుకున్నాడు. పక్కనున్న అత్తగారు లేచి నిలబడి, న్యాయాధికారితో, "కొత్త కర్టెనండీ మరి! నడుమంటే వాడిదే, ఎప్పుడూ ఉంటుంది" అంది.

అంతే. ఇన్నాళ్ళూ నొక్కిపట్టినదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. నవ్వులమ్మ బోను కడ్డీ పట్టుకుని వంగిపోయి నవ్వింది, కూలబడి నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగక నవ్వింది. మెకానిక్కు తలెత్తి నోరు తెరుచుకుని చూశాడు. మూతి పట్టీ ఖాయమైపోయిందని అత్తగారు కళ్ళు మూసుకుంది.

కానీ గదిలో ఒక్క ఫోనూ క్షమించమనలేదు. యంత్రం ఆలోచించి ఆలోచించి, "పోలిక లేదు" అంది. వకీలు దాన్ని ఒకటికి రెండుసార్లు తట్టి చూశాడు. మళ్ళీ అదే మాట. కడుపులో ఇన్నాళ్ళు మగ్గి మగ్గి ఆ నవ్వు మారిపోయింది. గలగల లేదు, కీచు లేదు. పొట్టలోంచి బండగా, బరువుగా, మధ్యమధ్య ఏడుపు తగులుతూ వచ్చే కొత్త నవ్వు అది. ఆ నవ్వుకి ఇంతవరకూ యజమాని ఎవరూ లేరనీ, కనక ఆవిడ దాన్ని నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చుననీ న్యాయాధికారి తీర్పు చెప్పి, తీర్పు చివర తాను కూడా చిరునవ్వు నవ్వబోయి, తన చిరునవ్వు ఎవరిదో తెలియక మానుకున్నారు.

"అయితే ఇది నాదేనాండీ?" అని అడిగింది ఆవిడ.

"ఈ క్షణానికి మీదే."

గది దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు కళ్ళు తుడుచుకుని, "రేపట్నుంచి వచ్చెయ్యమ్మా, బెంచీ తుడిపించి ఉంచుతాను" అన్నారు. ఆవిడ మళ్ళీ నవ్వింది, ఉత్తినే, నవ్వగలనో లేదో చూసుకోవడానికి. పుట్టి బుద్ధెరిగాక అంత హాయి ఎప్పుడూ ఎరగదు.

మెట్లు దిగుతుంటే, భర్త నాలుగడుగులు వెనకబడి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని తనలో తను మురిసిపోతున్నాడు.

"ఏంటండీ అది?"

"నీ నవ్వేనే. ఇన్నాళ్ళకి విన్నాను కదా, మళ్ళీ ఎక్కడ పోతుందోనని పట్టి ఉంచాను."

ఆవిడ మనసు వెన్నలా కరిగిపోయింది. రెండు మెట్లు దిగాక కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"మీ దగ్గరే ఉంచుకున్నారు కదూ?"

ఆయన ఫోను జేబులో దోపుకున్నాడు. "ఆనందం పట్టలేక... యాప్‌లోంచి మనవాళ్ళకి పంపాను. వేరే ఎవరికీ కాదు. మనవాళ్ళకే."

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. చప్పట్లు కొట్టినవాళ్ళందరూ తలలు వంచుకుని, చేతుల్లోకి చూసుకుంటూ, బొటనవేళ్ళు ఆడిస్తూ మెట్లు దిగుతున్నారు.

మనవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఆ నవ్వు చూసి కళ్ళు చెమర్చినవాళ్ళే, పైన ఉన్నది చదవకుండా కిందిది నొక్కి, 'ఇది మనందరి విజయం' అని రాసి, తెలిసినవాళ్ళందరికీ పంపినవాళ్ళే. మీకూ వచ్చే ఉంటుంది. ఇంతకీ మీరెవరెవరికి పంపారు?