పావు తిప్పు

ఏడో సీసా పేలేసరికి హాల్లో తెల్ల సోఫా అని పిలవదగ్గ వస్తువు మిగల్లేదు.

"ఎక్కడివాళ్ళక్కడే ఉండండి!" అని అరిచాడు మెకానిక్, భోజనాల బల్ల కింద నుంచి. "ఎవరూ దేన్నీ ముట్టుకోకండి. విచారణ నేను చేస్తాను."

"ముందు మీరు బయటికి రండి" అంది సీసాలమ్మ. ఆమె నెత్తిన చిల్లుల గిన్నె బోర్లించుకుని, పెద్ద పళ్ళెం ఒకటి డాలులా అడ్డం పట్టుకుని, గోడకున్న గాజు అరలకేసి పిల్లి అడుగులు వేస్తోంది. అరల్లో ఇంకా ఎనభై తొమ్మిది సీసాలున్నాయి.

ఠప్పుమంది. ఎనభై ఎనిమిది.

అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర. సాయంత్రం నాలుగింటికి, వెనక గుమ్మం దిగితే తగిలే ఇసుకలో, సముద్రానికి ఎదురుగా వాళ్ళమ్మాయి పెళ్ళి. తెల్ల పూల పందిరి వేసేశారు. కుర్చీలు వచ్చేశాయి. పదకొండింటికి వియ్యపురాలు ముందుగా వచ్చి, ఏర్పాట్లు చూసి, హాల్లో కూర్చుని టీ తాగాలి. పొద్దున్నే లేచి వేసుకున్న పథకం అది. ఆ పథకంలో ఎవరూ బల్ల కింద దూరలేదు.

ఆ ఇల్లాలిని వీధంతా సీసాలమ్మ అనే పిలుస్తుంది. ఎండలు ముదిరితే చాలు, వాళ్ళ వంటగది కిటికీలోంచి ఉడికే పళ్ళ వాసన వీధి చివరిదాకా పోతుంది. ఆమెకో పద్ధతి ఉంది. మరిగే జామ్‌ని వేడి సీసాల్లో పోసి, మూతలు బిగించి, గుడ్డ మీద వరసగా నిలబెట్టి, పక్కనే ముక్కాలిపీట వేసుకుని చెవులు రిక్కించి కూర్చుంటుంది. సీసా చల్లారేకొద్దీ లోపలి గాలి గుంజుకుని, మూత నడిమి భాగం టక్కుమని కిందికి దిగుతుంది. ఆ చప్పుడు వినపడిందంటే ఇక గాలి చొరబడదు, సరుకు ఏడాది నిలవుంటుంది. ఒక్కో టక్కుకి ఆమె గోడ మీద పెన్సిల్‌తో ఒక గీత గీస్తుంది. ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా దగ్గారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

ఈ ఏడు నల్లద్రాక్ష జామ్, తొంభై ఆరు సీసాలు. పెళ్ళికొచ్చినవాళ్ళకి మనిషికొకటి ఇవ్వాలని చేసింది. గోడ మీద తొంభై ఆరు గీతలున్నాయి.

కానీ ఆమె ప్రాణమంతా ఒక్క సీసా మీదే ఉంది. అది వియ్యపురాలికి ఇవ్వబోయే సీసా. వియ్యపురాలు ముప్పై ఏళ్ళు హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె వరండాలో నడిచొస్తుంటే పెద్ద డాక్టర్లు కూడా సిగరెట్లు వీపు వెనక దాచుకునేవారట. పోయిన వేసవిలో, పిల్లలిద్దరి సంగతి తెలిసిన కొత్తలో, సీసాలమ్మ ఆమెకొక జామ్ సీసా పంపింది. వారం తర్వాత ఎలా ఉందండీ అని అడిగితే "ఫరవాలేదు" అంది ఆవిడ. నెల తర్వాత అడిగినా "ఫరవాలేదండీ" అనే అంది. ఆ మాట ఏడాదిగా సీసాలమ్మ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"నా పిల్లని ఆవిడింటికి పంపిస్తున్నానండీ" అని మొగుడి దగ్గర ఎన్నిసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుందో. "రేపు దాని వంటా ఫరవాలేదు, దాని మాటా ఫరవాలేదు, చివరికి దాని బతుకే ఫరవాలేదైపోతే?"

మొగుడు నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మెకానిక్. మూసుకుపోయిన తలుపు కనపడితే ఆయన చేతులు ఊరుకోవు.

ఇక హాలు ఆ ఇంటి కోడలి ఘనత. ఇళ్ళ లోపలి అలంకరణ ఆమె వృత్తి, తెలుపు ఆమె పిచ్చి. గోడలు, తెరలు, సోఫా, అన్నీ తెలుపే. గడియారం పళ్ళెమూ తెలుపే, ముళ్ళూ తెలుపే కావడంతో టైమెంతైందో తెలుసుకోవాలంటే పక్కింటికి వెళ్ళాలి. ఆ తెల్లదనం మధ్య, కిటికీ పక్కన, నాలుగు గాజు అరలు కట్టించి అరకి ఇరవై నాలుగు సీసాలు పేర్చింది. పొద్దుటెండ వాటిలోంచి దూరితే హాలంతా కెంపుల కాంతి పడేది. మూడు వారాలు అలా కాంతే పడింది. ఇవాళ కెంపులే పడుతున్నాయి.

మెకానిక్ బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. మోకాలు పట్టుకుని లేచి, చెవి వెనక పెన్సిల్ దోపుకున్నాడు.

"సీసాలు ఎండలో పెట్టిందెవరు?" అన్నాడు కోడలికేసి చూస్తూ.

"మామయ్యా! టక్కుమన్న సీసాని ఎండేం చేయదని అత్తయ్యే చెప్పారు. పోయినేడు డాబా మెట్ల మీదే కదా పెట్టుకున్నారు!"

"అయితే పంచదార. ఈసారి తగ్గించిందెవరు?"

"తగ్గించమన్నది మీ గారాలపట్టి" అంది సీసాలమ్మ. "అయినా పంచదార తగ్గితే రుచి మారుద్ది గానీ ఇల్లు యుద్ధభూమి అవుద్దా? గాలి దూరిందండీ లోపలికి. పులిసింది. ఎవరో మూతలు తీశారు!"

"తీసి తిన్నారంటావా?"

"అదే నా బుర్రకెక్కడం లేదు. చెంచాడు కూడా తరగలేదు. తినకుండా మూత తీసే దౌర్భాగ్యుడు ఎవడుంటాడు?"

మెకానిక్ ఏమీ రాసుకోలేదు.

కోడలు సోఫా దిండుతో మొహం కప్పుకుని, ఒక కంటితో అరలని చూస్తోంది. "అత్తయ్యా, ఒకటి గమనించారా? పై అరవి ఒక్కటీ పేలలేదు. పేలేవన్నీ కింది మూడు అరలవే."

"అంటే దొంగ పొట్టివాడు" అన్నాడు మెకానిక్ గబుక్కున.

"మనలో ఎవరికి అందుతుంది మామయ్యా ఆ అర? మీకైనా సరే స్టూలెక్కాల్సిందే."

"ఐసు!" అన్నాడాయన. "విచారణ తర్వాత. ముందు సీసాలు ఐసులో పెట్టాలి. చల్లబడితే అవే నోరు మూసుకుంటాయి."

పెళ్ళివారి పానీయాల కోసం తెప్పించిన ఐసంతా స్నానాలగదిలో, టబ్బులో ఉంది. ముగ్గురూ ఒక్కో సీసాని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వరండా గుండా నడిచారు. పెళ్ళికూతురు టబ్బు పక్కనే, స్నానాలగది అద్దం ముందు కూర్చుని కాటుక దిద్దుకుంటూ, ఫోన్ స్పీకర్లో పెట్టి పెళ్ళికొడుకుతో మాట్లాడుతోంది.

"నాన్నా, ఏంటవి?"

"ఏం లేదమ్మా. నీ పని నువ్వు కానివ్వు. పెద్దగా ఊపిరి పీల్చకు, అంతే."

ఆయన మాట పూర్తయ్యేలోపు చేతిలోది, టబ్బులోవి రెండు, వరసగా మూడు పేలాయి.

"అమ్మా! నా మొహమంతా ఎర్రగా... నాన్న చొక్కా చూడవే... అయ్యో, ఇంకా కారుతోంది, ఆగట్లేదే!" అని పెళ్ళికూతురు పెట్టిన కేక సముద్రందాకా వినపడింది. ఫోను చెయ్యి జారి ఐసులో పడి మూగబోయింది.

అవతల పెళ్ళికొడుకు సగం గీసిన గడ్డంతో బిగుసుకుపోయాడు. తిరిగి చేశాడు. మోగలేదు. సీసాలమ్మకి చేశాడు. ఆమె ఫోను వంటగదిలో మోగి మోగి ఊరుకుంది. పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాడు. హెడ్ నర్సుకి ఇలాంటివి రెండోసారి చెప్పాల్సిన పనిలేదు. ఆవిడ ఒక చేత్తో చెప్పులు వేసుకుంటూ, రెండో చేత్తో పాత ఆసుపత్రికి ఫోన్ చేసింది.

పావుగంటలో అంబులెన్సు కూత వీధి మలుపు తిరిగింది.

"ఎవరింటికో పాపం" అంది సీసాలమ్మ, ఇరవై ఒకటో సీసాని టబ్బులోకి దింపుతూ.

వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. చేతిలో మందుల పెట్టె, భుజాన సంచి, వెనక స్ట్రెచర్ మోస్తున్న మనుషులిద్దరు, వాళ్ళ వెనక సగం గడ్డంతో పెళ్ళికొడుకు. హెడ్ నర్సు గుమ్మంలో నిలబడి ఒక్క చూపు చూసింది. గోడల మీద ఎర్రటి చారలు. తెరల మీద చిమ్మిన చుక్కలు. చొక్కా ముందుభాగమంతా తడిసి ముద్దయిన మెకానిక్, ఆమెని చూసి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"పడుకోండి అన్నయ్యగారూ."

"నాకేం కాలేదమ్మా..."

"అందరూ అదే అంటారు. పడుకోండి!"

ముప్పై ఏళ్ళ అధికారం ఆ గొంతులో ఉంది. మెకానిక్ సోఫా మీద వెల్లకిలా పడిపోయాడు. ఆవిడ నాడి పట్టుకుంది.

"నొప్పెక్కడ?"

"మోకాల్లో."

"ఎప్పట్నించి?"

"పదేళ్ళయింది. స్టూలెక్కొద్దన్నాడు డాక్టరు."

అప్పుడే పెళ్ళికూతురు మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చింది. గాటు లేదు, గీత లేదు. పెళ్ళికొడుకు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. హెడ్ నర్సు నాడి వదిలేసి, సోఫా మీది మరకని వేలితో తీసింది. వాసన చూసింది. నాలిక్కి రాసుకుంది.

"ఇది రక్తం కాదు" అంది.

"జామండీ" అంది సీసాలమ్మ, నెత్తి మీది చిల్లుల గిన్నెతో సహా తలదించుకుని.

"పులిసింది."

ఆ ఒక్క మాటతో ఏడాదిగా ఆపుకున్నది కట్టలు తెంచుకుంది. "అవునండీ, పులిసింది! మీ నోటివెంట ఒక్కసారి బాగుందనిపించుకోవాలని మూడు వారాలు పొయ్యి దగ్గర నిలబడ్డాను. పోయినేడు ఫరవాలేదన్నారు. ఈసారి అదీ లేకుండా పోయింది. మా అమ్మాయిని మాత్రం ఈ జామ్‌ని బట్టి అంచనా వేయకండి వదినగారూ. అది బంగారం!"

పెళ్ళికూతురు తువ్వాలు పట్టుకుని కాబోయే అత్తగారినే చూస్తోంది. హెడ్ నర్సు మెల్లగా వచ్చి, సోఫా చేతి మీద మిగిలిన చివరి తెల్ల ముక్క మీద కూర్చుంది.

"వదినగారూ" అంది. "ఆ జామ్ నేను తినలేదు."

"ఆ?"

"మూత రాలేదండీ." ఆవిడ కుడి మణికట్టు చూపించింది. "రెండేళ్ళ కిందట విరిగింది. అతికింది గానీ తిప్పే బలం రాలేదు. ఈ చేత్తో ఎంతమంది మొనగాళ్ళని మంచానికి అదిమిపట్టి సూది పొడిచానో! అలాంటిదాన్ని జామ్ సీసా మూత రావట్లేదని ఎవరికి చెప్పుకోను? మా వాణ్ణి అడుగుదామంటే వాడు ఇంట్లో ఉంటేనా, పొద్దస్తమానం మీ వీధిలోనే. ఇంతలో మీరు ఎలా ఉందని అడిగారు. బాగుందంటే అబద్ధం. బాగోలేదంటే అదీ అబద్ధమే. అందుకని ఫరవాలేదన్నాను."

సంచిలో చెయ్యిపెట్టి ఒక సీసా తీసింది. చీటీ వెలిసిపోయింది. మూత మాత్రం చెక్కుచెదరలేదు. "ఇవాళ ఇక్కడెవరిచేతైనా తీయించుకుని, తిని, నిజం చెప్దామని తెచ్చాను."

సీసాలమ్మ ఆ సీసా అందుకుంది. కొంగు మూతకి చుట్టి, పళ్ళు బిగించి ఒక్క తిప్పు తిప్పింది. టక్కుమంది. ఏడాది వయసున్న ద్రాక్ష వాసన, పులుపు లేకుండా, తాజాగా హాల్లోకి వచ్చింది. కోడలు పరిగెత్తి చెంచా తెచ్చింది. హెడ్ నర్సు ఒక చెంచా తిని కళ్ళు మూసుకుంది. రెండోది తింది. మూడోదానికి చెంచా సీసా అడుగుదాకా దించింది.

"బాగుంది" అంది.

"ఏమన్నారూ?"

"చాలా బాగుందండీ. ఏడాది దండగైపోయింది నాకు."

సీసాలమ్మ నెత్తి మీది చిల్లుల గిన్నె తీసి పక్కన పెట్టింది. పెళ్ళికూతురు ఏడుపూ నవ్వూ కలిపేసి తల్లిని ఒక చేత్తో, అత్తగారిని ఒక చేత్తో పట్టుకుంది. స్ట్రెచర్ మోసుకొచ్చినవాళ్ళు కూడా చెంచాలు దొరుకుతాయేమోనని వంటగదికేసి చూశారు. మనిషికొకటి కాకపోతే కుటుంబానికొకటి ఇస్తే పై అరలోని ఇరవై నాలుగు సీసాలూ సరిపోతాయని హెడ్ నర్సు తేల్చేసింది. మరకల గోడని తదేకంగా చూస్తున్న కోడలు, ఒక గోడ ద్రాక్షరంగులో ఉంటే హాలుకి అందమేనని మొదటిసారి ఒప్పుకుంది. ఇసుకలో పందిరి, కుర్చీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాలుగు గంటలకి ఇంకా ఆరు గంటల టైముంది.

గుండె కుదుటపడ్డాక సీసాలమ్మకి అసలు సంగతి గుర్తొచ్చింది.

"ఇంతకీ ఈ మూత సంగతి మీరెవరికీ చెప్పలేదన్నమాట."

"ఒక్కరికి చెప్పాను. రెండు నెలల కిందట, ముహూర్తం మాట్లాడుకున్న రోజు. ఈసారైనా మూత కాస్త వదులుగా ఉంటే బాగుణ్ణు అన్నాను. 'మీకు ఏ సీసా వచ్చినా రెండు వేళ్ళతో ఊడొచ్చేలా చూస్తానమ్మా, ఒక్క పావు తిప్పు చాలు' అన్నారు. లిఫ్టు తలుపైనా, సీసా మూతైనా మనిషికి లొంగి ఉండాలట."

"ఏ సీసా వచ్చినా" అంది కోడలు నెమ్మదిగా. "అంటే అన్నీ తిప్పారన్నమాట."

"పై అర తప్ప" అంది పెళ్ళికూతురు. "అది అందాలంటే స్టూలెక్కాలి."

ఆడవాళ్ళు నలుగురూ సోఫాకేసి తిరిగారు. సోఫా ఖాళీగా ఉంది. కిటికీ దగ్గర తెల్ల తెర మాత్రం గాలి లేకుండానే కదులుతోంది. దాని కింద రెండు పాదాలు, ద్రాక్షరంగులో.

"ఎవరండీ అలా అన్నది?" అంది సీసాలమ్మ, తెలిసీ, నోటితో చెప్పించుకోవాలని.

"ఇంకెవరు, మీ ఆయనే!" అంది హెడ్ నర్సు.

నలభై ఏళ్ళపాటు లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీసిన మనిషిని, ఆ తెర వెనకనుంచి బయటికి తీయడానికి మాత్రం ఎవరూ తొందరపడలేదు.