దూకడం రాని మిషన్

ఆ ఉదయం బావ వేసుకున్న పథకం చాలా చిన్నది. లాండ్రీ యజమానురాలు వస్తుంది, కొత్త వాషింగ్ మిషన్ చూస్తుంది, నచ్చితే ఆర్డరిస్తుంది. నచ్చకపోతే వర్క్‌షాపుకి తాళం వేసి, బావా బావమరిదీ చెరో ఉద్యోగం వెతుక్కోవాలి. అందుకని బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. బావమరిది మాత్రం వచ్చీ రాగానే పాత పంచాయితీ తిరగదోడాడు.

మిషన్‌లో గొప్పేమీ లేదు, గొప్పంతా దాని భాషలోనే ఉంది. నీళ్లు నింపు, సబ్బు వెయ్యి, తిప్పు, నీళ్లు వదులు, పిండు, తలుపు తియ్యి అంటూ లాండ్రీవాళ్లే తమకు కావలసిన వరస రాసుకోవచ్చు. ఆ భాష బావ సృష్టి. అందులో 'దూకు' అనే ఆజ్ఞ కూడా ఉండేది. అది వాడితే వరసలో ఎక్కడినుంచి ఎక్కడికైనా గెంతవచ్చు. నిన్ననే బావ దాన్ని పీకి పారేశాడు.

"అర్జంటుగా బయటపడాల్సొస్తే ఎలా బావా?" అన్నాడు బావమరిది.

"నువ్వు రాసిన వరస చూశాంగా. ఇటు దూకి, అటు దూకి, సబ్బు వెయ్యకుండానే పిండేసింది."

"తప్పు నాది గానీ, దూకుది కాదు కదా."

"నీలాంటివాళ్లుంటారనే తీసేశాను. ఇక నోరు మూసుకో."

ఇంతలో యజమానురాలు రానే వచ్చింది. వచ్చి, వ్యాను గేటుకి అడ్డంగా ఆపింది. బావ సిద్ధంగా పెట్టుకున్న తువ్వాలును చూసి పెదవి విరిచింది.

"మీరు ఏరి పెట్టుకున్న గుడ్డ ఉతికితే నేను నమ్మనండీ. ఇది ఉతికి చూపించండి" అని ఒంటిమీది కోటు విప్పి ఇచ్చింది.

బావ మురిసిపోతూ కోటు లోపల పడేసి మీట నొక్కాడు. తలుపుకి గడియ పడింది. నీళ్లు నిండాయి. అప్పుడు ఆవిడ గుండెమీద చెయ్యి వేసుకుంది.

"ఆపండి బాబూ. వ్యాను తాళాలు జేబులోనే ఉండిపోయాయి."

బావ 'ఆపు' నొక్కాడు. తెరమీద అక్షరాలు వచ్చాయి. 'మీ మాట విన్నాను. వరస పూర్తయ్యాక ఆపుతాను.' మర్యాదకేం లోటు లేదు. వరస పూర్తవడానికి గంట పడుతుంది.

బయట, గేటుకి అడ్డంగా ఉన్న వ్యాను వెనక ఒక లారీ హారన్ మొదలైంది. కాసేపటికి లారీ డ్రైవరే లోపలికొచ్చి, సంగతి విని, "ఇంతేనా" అంటూ ప్లగ్గు పీకేశాడు. మిషన్ ఆగింది గానీ గడియ ఊడలేదు. తలుపు తెరవడం ఆఖరి పని మరి, అక్కడికి చేరితేనే తెరుస్తుంది. ప్లగ్గు మళ్లీ పెడితే, ఆగిన చోటికి గెంతే దారి లేక, అది బుద్ధిగా మొదటినుంచీ మొదలుపెట్టింది. ఉన్న నీళ్లమీద మళ్లీ నీళ్లు నింపింది. సబ్బు నురగ సందుల్లోంచి పొంగి, లారీ డ్రైవరు చెప్పులదాకా వచ్చింది. హారన్ మోగించినంత సులువు కాదనుకున్నాడో ఏమో, అతను మెల్లగా జారుకున్నాడు.

ఆర్డరు బావ కళ్లముందే నురగలో కొట్టుకుపోతోంది.

"ఒరేయ్, ఆ దూకు ఉన్న పాత కాపీ ఉందా?" అని గొణిగాడు.

"దేనికి బావా? జనం దుర్వినియోగం చేస్తారుగా."

"ఈ ఒక్కసారికే. నీకు పుణ్యముంటుంది."

బావమరిది తీరుబడిగా ఆ కాపీని మిషన్లోకి ఎక్కించాడు. బావ ఒకే ఒక్క ముక్క రాశాడు: చివరికి దూకు.

మిషన్ దూకింది. మధ్యలో 'నీళ్లు వదులు' ఉందన్న సంగతి బావ మరిచిపోయాడు, మిషన్ పట్టించుకోలేదు. తలుపు తెరుచుకుని, నీళ్లూ నురగా కోటూ తాళాలూ కలిసి వచ్చి బావ ఇస్త్రీ చొక్కామీద పడ్డాయి.

యజమానురాలు తాళాలు ఏరుకుంది. కోటు కాలరు వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"మురికి బాగానే వదిలింది. తీసుకుంటాను" అంది. "కానీ తెరమీదున్న ఆ దూకు మాత్రం తీసెయ్యండి. మా పనివాళ్ల చేతికిస్తే ఉతకడం మానేసి తిన్నగా పిండడంలోకే దూకుతారు."

పొద్దుటిదాకా తను అరిచి చెప్పిన మాటే. బావ ఎగిరి గంతెయ్యాలి. కానీ చొక్కా పిండుకుంటూ అతను అన్నది వేరు.

"మరి అర్జంటుగా బయటపడాల్సొస్తే ఎలాగండీ?"

వెనకనుంచి బావమరిది కిసుక్కున నవ్వాడు. ఆవిడ అటు తిరిగి, అతన్ని ఎగాదిగా చూసింది.

"ఈ అబ్బాయిని మిషన్‌తోపాటు పంపించండి. తలుపు దగ్గర కూర్చుని, అర్జంటైతే తెరుస్తాడు."

ఈనాటికీ ఆ భాషలో 'దూకు' లేదు, తలుపు దగ్గర బావమరిది ఉన్నాడు.