నల్లమ్మవ్వ మెడలోని అమెరికా అర్ధడాలరు

మేఘములు చుట్టపుచూపుగానైనను రాని సీమయందు, వేరుశనగచేలు నోళ్లు తెరచి ఆకాశమువంక చూచు కాలమునందు, నయాపైసలు వాడుకలోనికి వచ్చిన మరుసటియేడు, శ్రావణ శుక్రవారమున, రత్నగర్భ యని పేరొందియు రాళ్లనే యెక్కువగా కనుచుండు వజ్రకరూరు గ్రామమున, ప్రచండమార్తాండుడు పెనముమీది జొన్నరొట్టెవలె జగమును కాల్చుచుండ, పగలు పదిగంటలవేళ జరిగిన ఘోరసంగ్రామమును చెప్పుచున్నాను. విన్నవారికి వడదెబ్బ తగులకుండుగాక! వారి బిడ్డలకు దిష్టి తగులకుండుగాక!

ఆ సంగ్రామమునకు నాయకుడు నా కుమారుడు తిప్పేస్వామి. ప్రాథమిక పాఠశాలాధ్యాపకుడు, శతనాణేశ్వరుడు, భూతద్దపాణి, రెండుమార్లు టైఫాయిడును జయించిన మహాధీరుడు, ఎంత మొత్తుకొన్నను నెత్తిన తువ్వాలు వేసికొననివాడు.

ఈ వీరుని కడ ఒక వెండినాణెము కలదు. అమెరికా దేశపు అర్ధడాలరు. పద్దెనిమిదివందల ఇరువదియేడవ సంవత్సరమున కొట్టబడినది. గుత్తిలో పాతసామానుల బండిమీద దొరకినది. ముందువైపున టోపీ పెట్టుకొన్న దొరసాని ముఖము, చుట్టును పదుమూడు చుక్కలు. వెనుకవైపున రెక్కలు చాచిన గద్ద. ఇంతవఱకు బాగుగనే యున్నది. అయితే మద్రాసులో నాణెములు సేకరించు పెద్దమనిషి యొకడు మావానికి జాబు వ్రాసెను: “నాయనా, ఒకే యేట కొట్టినను అచ్చులు వేరువేరు. ఉక్కు అచ్చు మారినచో చుక్క జరుగును, అంకె వంగును. అచ్చు పగిలినచో ఆ పగులు నాణెముపై సన్నని గీతయై లేచును. నీదానియందు గీత లేదు. ఏడవ చుక్కనుండి టోపీ అంచువఱకు గీత గల అచ్చును మన దిక్కున చూచినవా రెవ్వరును లేరు.”

ఆ జాబు వచ్చిన నాటినుండి మావానికి ముద్ద దిగదు, కునుకు పట్టదు. వెండిబిళ్లమీది గీతకై అన్నము మానువారు లోకమున కలరనియు, వారిలో ఒకడు నా కడుపున పుట్టుననియు ఏ జ్యోతిష్కుడును నాకు చెప్పలేదు.

ఆ శుక్రవారమునకు వారము ముందు బావికడ విధి తన వల విసరెను. మా వీధి చివరి నల్లమ్మ మెడలో, వెండిరూపాయలు గ్రుచ్చిన దండయగు పేరు నడుమ, అదే దొరసాని, అదే సంవత్సరము! వజ్రములకై వచ్చిన దొర యెవడో ఆమె మగని తాతకు కూలి క్రింద ఇచ్చినాడట. నల్లమ్మకు ఆ దొరసాని అమ్మవారు. ఆ గద్ద గరుత్మంతుడు. ప్రతి శుక్రవారమును చింతపండును ఇటుకపొడియు పట్టించి, ఆ అమ్మవారిని తళతళలాడునట్లు తోముట ఆమె వ్రతము. నలువదియేండ్ల భక్తికి అమ్మవారి ముక్కు ఇప్పటికే సగమరిగినది. ఇంకొక్క తోముడు పడెనా, గీత యున్నదో లేదో బ్రహ్మకును తెలియదు.

కావున బడికి సెలవైన ఆ శుక్రవారమున నా కుమారుడు భూతద్దము ధరించి కదలెను. వెనుక నేను మజ్జిగచెంబుతో కదలితిని. దారిలో తేలు కుట్టవచ్చును, ఎద్దు పొడవవచ్చును, ఎండకు కన్నులు తిరిగి పడవచ్చును. తల్లి లేకున్న ఎట్లు?

మేము చేరునప్పటికి నల్లమ్మ వాకిట కూర్చుండి చింతపండు నానవేసియుండెను. ఎదుటి అరుగుపై వేరుశనగరైతు పాపన్న బీడీ కాల్చుచు, పనిలేని దేవతవలె యుద్ధమును తిలకింప సిద్ధముగా నుండెను.

వీరుడు చేతులు జోడించి, బడిలో పద్యము చెప్పు కంఠమును ఎత్తెను: “ఓ నల్లమ్మవ్వా! నీ కంఠసీమ నలంకరించిన ఆ రజతబింబమును ఒక్క గడియ నా దృష్టిపథమున నిలుపుము! చింతపండు చేతబట్టకుము! చరిత్ర నిన్ను క్షమింపదు!”

నల్లమ్మ తలయెత్తి చూచెను. “ఏమిరా సామీ, పొద్దున్నే నాటకం ఆడతాండావు? ఎండదెబ్బేమన్నా తగిలిందా?”

“అదే అత్తా నా భయం! రొంత మజ్జిగ తాగురా అంటే వినడు,” అంటిని.

అంతలో ఆమె చూపు భూతద్దముపై పడెను. అక్కడనే కథ అడ్డము తిరిగెను. మా ఊర భూతద్దము పట్టువాడు వజ్రపురాళ్లు కొను సేటు తప్ప మఱియొకడు లేడు. వానలు పడినప్పుడెల్ల చేలలో తల వంచుకొని వజ్రములు వెదకు జనమునకు ఆ అద్దమే న్యాయస్థానము.

“ఓరి దొంగా! సేటు పని పట్టినావా? చెప్పవేమిరా!” అని నల్లమ్మ లోనికురికి గోనెసంచి తెచ్చి బోర్లించెను. ఇరువదిరెండు రాళ్లు! “ఇవి చూడు ముందర. తర్వాతనే నా అమ్మవారు.”

“కూర్చో సామీ,” అనెను పాపన్న. “సాయంత్రానికి అయిపోతాదిలే.”

వీరుడు నేలపై చతికిలబడెను. ఆహా, ఏమని వర్ణింతును! ఒక్కొక్క రాయియు ఒక్కొక్క రాక్షసుడై పైకొనుచుండ, అద్దమును చక్రాయుధమువలె త్రిప్పుచు, ముక్కుకొసనుండి చెమట ధారలుగా కారుచుండ, వాడు వానిని వరుసగా కూల్చెను.

“ఇది పలుగురాయి అవ్వా.”

“పలుగురాయి నీ మొగం. ఇది?”

“సోడాసీసా ముక్క.”

“చూడు, సరిగ్గా చూడు. మెరుస్తాండాది!”

“గోలీసోడా అవ్వా. గోలీ నిలిచే నొక్కు గూడా ఉండాది.”

పాపన్న నవ్విన నవ్వునకు అరుగు అదరెను. నల్లమ్మ ముఖము కుంపటి యయ్యెను. ఇరువదిరెండు రాళ్లు నేలకూలెను. ఇరువదిమూడవదానిని ఆమె కొంగుముడినుండి తీసి, కన్నులకద్దుకొని, వాని అరచేత పెట్టెను. నాకు గుండెలో రాయి పడెను.

“నాయనా, ఇదొక్కటన్నా వజ్రమని చెప్పు. ముసల్దానికి కోపమొస్తే రోకలి ఎత్తుతాది,” అని వాని చెవిలో గొణిగితిని.

వాడు చాలసేపు చూచెను. అద్దము దించెను. “కాదవ్వా. నేను అవునంటే నీకు సంతోషం. కానీ కానిదాన్ని అవునంటే, ఇంక నీ అమ్మవారి మీద నేనేం చూసినానో ఎవరు నమ్ముతారు?”

నేను వీపు అడ్డుపెట్టుటకు ముందుకు జరిగితిని.

నల్లమ్మ ఆ రాతిని తిరిగి ముడివేసెను. “పోయిన ఏడు సేటు దీన్ని చూసి, రొంత బాగుండాది, నాకిచ్చెయ్ అనె. అబద్ధాలకోరు. వీడు నయం. రా, చూసుకో. పేరు మాత్రం తియ్యను. మెడలోనే చూడు. పరుల చేతికి ఇయ్యగూడదని మా అత్త ఆన.”

మోకాళ్లపై నిలిచి, శ్వాసను స్తంభింపజేసి, వీరుడు నాణెముపై అద్దమును మోపెను. ఒకటవ చుక్క కనబడెను. రెండవది, మూడవది. ఆరవ చుక్కపై దృష్టి నిలిచెనో లేదో, అయ్యో! లోకము చీకటయ్యెను.

మబ్బు! మూడునెలలుగా ఊరంతయు కప్పలకు పెండ్లిచేసి పిలిచినను రాని కారుమబ్బు, ఇప్పుడు వచ్చి సరిగా సూర్యుని నెత్తిన కూర్చుండెను!

“యీ మబ్బు పోతే బాగుండు!” అని వాడు కేకవేసెను.

నా ప్రాణములు పైకెగిరెను. “గమ్మునుండురా! ఊరోళ్లు వింటే చెట్టుకు కట్టేస్తారు!” అని వాని నోరు మూసితిని. పాపన్న బీడీ పారవేసి, “ఏమప్పా అయివారూ, మా శనక్కాయలు నీకేం చేసినాయి?” అని లేచెను.

తిట్టుటకు వ్యవధి లేకపోయెను. టప్పున ఒక చినుకు, ధూళిలో రూపాయంత గుంట చేయుచు పడెను. నల్లమ్మ శరమువలె లేచెను. “వానరా! చేన్లో రాళ్లు తేలతాయి! ఆ అద్దం ఇట్ల తే!”

“అద్దం ఇస్తే నేను దేంతో చూసేదవ్వా?”

“అడిగితే ఇయ్యవా? ఇంద, నా పేరు నీకాడ పెట్టుకో. నీ అద్దం నాకాడ. మా అత్త యాడ చూస్తాండాదిలే!” అని, అత్త ఆనను ఒక్క గుక్కలో మ్రింగి, పేరును వాని చేతిలో వైచి, అద్దమును లాగికొని, డెబ్బదియేండ్ల ఆ వృద్ధ గద్దవలె చేలవైపు ఎగిరిపోయెను.

విధి వైపరీత్యము చూడుడు! అద్దమున్నప్పుడు నాణెము చేతికి రాలేదు. నాణెము చేతికి వచ్చినప్పుడు అద్దము లేదు. వాడు వానలో బొమ్మవలె నిలువబడెను. నేనేమో, నిమోనియా తప్పదని నిశ్చయించుకొని, కొంగు వాని తలపై పట్టితిని.

“జరుగమ్మా! వెలుతురు!” అని అరచెను.

జరిగితిని. ఆ క్షణమున ఆకాశమునుండి ఒకే ఒక బిందువు దిగి, వారము దినముల మెడ జిడ్డుతో నున్నబడిన దొరసాని నుదుటిపై, టోపీ కొసన, ముత్యమువలె గుండ్రముగా నిలిచెను. చెదరలేదు. దానిక్రింద వెండి, భూతద్దము క్రింద వలె, ఉబ్బి కనబడెను. వాడు కన్ను దానికి ఆనించెను. నేను ఊపిరి విడువలేదు, ఎక్కడ ఊదివేయుదునో యని.

“అమ్మా,” అనెను మెల్లగా. “ఉండాది.”

“ఏముండాది నాయనా? తేలా?”

“గీత!”

ఆ మాటకు ఉరుము ఉరిమెను. బిందువు జారిపోయెను. పోయిన పోవుగాక! చూచినవాడు చూచెను.

కావున దిక్కులారా వినుడు! గుత్తి మొదలు కణేకల్లు వఱకు గల సమస్త బీళ్లారా వినుడు! మహావీరుడైన తిప్పేస్వామి, ఇరువదిమూడు రాళ్లతోను, ఒక మబ్బుతోను పోరాడి, అమెరికా అర్ధడాలరుపై ఏడవ చుక్కనుండి టోపీ అంచువఱకు, నువ్వుగింజ పొడవున, వెంట్రుకలో సగము మందమున, ఒక గీత గలదని కన్నులార చూచెను! జయము! జయము! దిగ్విజయము!